ఎల్బీనగర్ కామినేని నుంచి విప్రో సర్కిల్‌కి రోజూ: మెట్రో ఎక్కడ ఎక్కాలి, రాయదుర్గంలో దిగాక ఏంటి?

శ్రావణమేఘం:

అందరికీ నమస్కారం. వచ్చే నెల నుంచి విప్రో సర్కిల్ దగ్గర ఆఫీసు. ఉండేది మా అక్కావాళ్ల ఇంట్లో, ఎల్బీనగర్ కామినేని ఆస్పత్రి వెనక వీధి. ఉదయం 9:30కి సీట్లో ఉండాలి. సాయంత్రం 6:30కి బయటపడొచ్చు, వారంలో ఒకట్రెండు రోజులు రాత్రి 9 దాటుతుందన్నారు. ఊరు గుంటూరు, హైదరాబాద్ కొత్త.

మ్యాపులో చూస్తే ఇంటికి ఒకవైపు ఎల్బీనగర్ మెట్రో, ఇంకోవైపు నాగోల్ మెట్రో ఉన్నాయి. ఏది నయం? రాయదుర్గంలో దిగాక విప్రో సర్కిల్‌కి ఏం దొరుకుతాయి? హైటెక్ సిటీకి ఎంఎంటీఎస్ లోకల్ రైలు కూడా ఉంది కదా, మలక్‌పేటలో ఎక్కితే చవకలో అయిపోదా? ఆడవాళ్లకి సిటీ బస్సు ఫ్రీ అంటున్నారు, నా ఆధార్ గుంటూరు అడ్రసు మీద ఉంది, చెల్లుతుందా? కాస్త వివరంగా చెప్పండి.

నాలుగురోడ్లు:

ముందు ఎంఎంటీఎస్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. హైటెక్ సిటీ పేరుతో రెండు స్టేషన్లు ఉన్నాయి. మెట్రో స్టేషన్ సైబర్ టవర్స్, శిల్పారామం దగ్గర. ఎంఎంటీఎస్ స్టేషన్ బోరబండకీ హఫీజ్‌పేటకీ మధ్య, కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకి వెళ్లే రోడ్డు పక్కన. ఒకదాని నుంచి ఇంకోదానికి దాదాపు 3 కిలోమీటర్లు, నడిచే దూరం కాదు. మీకు కావాల్సిన విప్రో సర్కిల్ ఈ రెంటికీ దూరమే. పైగా మలక్‌పేటలో ఎక్కిన ఎంఎంటీఎస్ కాచిగూడ, సికింద్రాబాద్, బేగంపేట అన్నీ చుట్టుకుని వస్తుంది. దూరప్రాంతపు రైళ్లు తిరిగే పట్టాల మీదే ఇదీ నడుస్తుంది కాబట్టి ఏదైనా ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వస్తుంటే దీన్ని పక్కన ఆపి దానికి దారి ఇస్తారు. రైలుకీ రైలుకీ మధ్య అరగంట, గంట ఖాళీ ఉండే వేళలూ ఉన్నాయి. టికెట్టు 5 రూపాయల నుంచి మొదలవుతుందని ఆశపడి 9:30 ఆఫీసుకి దీన్ని నమ్ముకోవద్దు. లింగంపల్లి, చందానగర్ వైపు ఇల్లున్నవాళ్లకి బేగంపేట, సికింద్రాబాద్ వెళ్లడానికి మాత్రం ఇది చక్కగా పనికొస్తుంది.

ఇక మెట్రో. ఎల్బీనగర్ ఎర్ర లైనుకి చివరి స్టేషన్. అక్కడ ఎక్కి 16వ స్టాపు అమీర్‌పేటలో దిగి నీలం లైనుకి మారాలి, అక్కడి నుంచి 9వ స్టాపు రాయదుర్గం. అమీర్‌పేట దాకా దాదాపు 35 నిమిషాలు, మారడానికి 5 నుంచి 8, ఆ పైన 20. మారేటప్పుడు గేటు దాటి బయటకు రాకండి, లోపలే అంతస్తు మారి ‘రాయదుర్గం వైపు’ అన్న బోర్డు పట్టుకుని వెళ్లాలి. గేటు దాటారా, ఆ టికెట్టు అక్కడితో అయిపోయినట్టే, మళ్లీ కొనాలి.

ఛార్జీ: 2025 మేలో రేట్లు పెంచి, ఆ తర్వాత 10 శాతం తగ్గించారు. ఆ లెక్కలో కనిష్ఠం 11, గరిష్ఠం 69 రూపాయలు. 24 కిలోమీటర్లు దాటితే గరిష్ఠమే, మీది దాటుతుంది. రోజుకి 138, నెలకి 22 పనిరోజులైతే 3,036. మెట్రో వరకే ఇది, రాయదుర్గం అవతలి ఖర్చు వేరు.

నీలంలైను:

పైన చెప్పినదంతా సరే గానీ, ఉన్నది కామినేని వెనక అంటున్నారు కదా, నాగోల్‌ని అంత తేలిగ్గా వదిలేయొద్దు.

నాగోల్ నీలం లైనుకి మొదటి స్టేషన్, రాయదుర్గం చివరిది. మొత్తం 23 స్టేషన్లు, దాదాపు 55 నిమిషాలు. మధ్యలో మారే పని లేదు. ఎక్కగానే సీటు దొరికే అవకాశం ఎక్కువ, దొరికిందంటే దిగేదాకా మీదే. ఎల్బీనగర్‌లో ఎక్కినా సీటు దొరుకుతుంది, కానీ అమీర్‌పేటలో వదిలేయాలి. అక్కడికొచ్చే నీలం రైలు నాగోల్, ఉప్పల్, తార్నాక, సికింద్రాబాద్ జనంతో నిండి ఉంటుంది. మన మెట్రోకి ఉన్నవి మూడే బోగీలు. ఉదయం 8:15 నుంచి 9:30 మధ్య అమీర్‌పేటలో ఒక రైలు వదిలేసి రెండోది ఎక్కాల్సి వస్తుందని లెక్కలో వేసుకోవాలి. రద్దీ వేళ రైళ్లు 3 నుంచి 5 నిమిషాలకొకటి ఉంటాయి కాబట్టి పోయేది కొద్ది నిమిషాలే. అసలు కష్టం ఆ తోపులాటలో బ్యాగు, లంచ్ బాక్స్ పట్టుకుని నిలబడటం.

నాగోల్‌తో చిక్కు వేరే ఉంది. ఎల్బీనగర్‌కీ నాగోల్‌కీ మధ్య ప్రస్తుతం మెట్రో లేదు, ఆ ముక్క రెండో దశ ప్రతిపాదనల్లో ఉంది. కామినేని ముందు రింగ్ రోడ్డు మీద ఉప్పల్ వైపు వెళ్లే ఏ సిటీ బస్సైనా ఎక్కండి. అల్కాపురి క్రాస్ రోడ్స్, నాగోల్ దాటి, మూసీ వంతెన దాటాక స్టేషన్ వస్తుంది. ‘నాగోల్’ అని కండక్టర్ పిలవగానే దిగకండి, అది ఊళ్లోని స్టాపు. ‘మెట్రో స్టేషన్ స్టాప్’ అని ఎక్కేటప్పుడే చెప్పి ఉంచండి. బస్సు కోసం నిలబడటంతో కలిపి 20 నిమిషాలు పెట్టుకోండి.

మొత్తం టైము చూస్తే ఉదయం ఎల్బీనగర్ దారే ఓ 5, 10 నిమిషాలు ముందు. సాయంత్రం మాత్రం కచ్చితంగా నాగోల్ అంటాను. రాయదుర్గంలో ఖాళీ రైలు ఎక్కుతారు, కూర్చుంటారు, నాగోల్‌లో దిగుతారు. ఎల్బీనగర్ అనుకుంటే అమీర్‌పేటలో ఆ సీటు వదిలి, మియాపూర్ నుంచి నిండుగా వచ్చే ఎర్ర రైల్లో దిల్‌సుఖ్‌నగర్ దాకా నిలబడాలి. కాబట్టి ఉదయం ఎల్బీనగర్, సాయంత్రం నాగోల్. ఛార్జీ రెండు దారుల్లోనూ గరిష్ఠమే, తేడా లేదు.

ఒక చిన్న మాట. రైల్లో ఆడవాళ్లకి కేటాయించిన భాగం ఉంటుంది, ప్లాట్‌ఫాం మీద ఆ తలుపు ఎదురుగా గుర్తు ఉంటుంది. మెట్లు ఎక్కగానే కనిపించిన చోట నిలబడకుండా అక్కడిదాకా నడవండి. మెట్ల దగ్గరి తలుపుల ముందే ఎప్పుడూ గుంపు.

శ్రావణమేఘం:

ఇద్దరికీ చాలా థాంక్సండీ. ఉదయం ఒక దారి, సాయంత్రం ఇంకో దారి అన్నది నాకు తట్టనే లేదు. మరి రాయదుర్గం నుంచి? అక్కడి నుంచి విప్రో సర్కిల్ దాదాపు 7 కిలోమీటర్లు చూపిస్తోంది. బావగారి స్కూటీ ఖాళీగానే ఉంది, అవుటర్ రింగ్ రోడ్డు మీద సూటిగా వెళ్లిపోతే ఎలా ఉంటుందో కూడా చెప్పండి.

పాసుబుక్కు:

స్కూటీ ఆలోచన మానేయండి. అవుటర్ రింగ్ రోడ్డు మీదకి టూ వీలర్లని రానివ్వరు. పక్కన సర్వీస్ రోడ్డు ఉంది గానీ, ఎల్బీనగర్ నుంచి నానక్‌రామ్‌గూడ దాకా ఆ చుట్టు రోజూ తిరగడం మనిషి పని కాదు. ఊరి మధ్య నుంచి స్కూటీ అంటే మలక్‌పేట, లక్డీకాపూల్, మెహదీపట్నం, టోలీచౌకీ అన్నీ దాటాలి. గట్టి వాన పడితే మలక్‌పేట రైలు వంతెన కింద నీళ్లు నిలిచి బళ్లు ఆగిపోతాయి. ఆ రోజుల్లో పైన వెళ్లే మెట్రో విలువ తెలుస్తుంది.

ఇప్పుడు బస్సు. ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం మహాలక్ష్మి పథకం కింద, 2023 డిసెంబరు 9 నుంచి అమల్లో ఉంది. సిటీలో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకి వర్తిస్తుంది. బోర్డు మీద ‘మెట్రో డీలక్స్’ అని ఉన్నా, ఏసీ బస్సు అయినా, ఎయిర్‌పోర్టు పుష్పక్ అయినా డబ్బులు కట్టాల్సిందే. కొత్తవాళ్లు ఎక్స్‌ప్రెస్, డీలక్స్ మధ్య తేడా చూడకుండా ఎక్కేసి కండక్టర్‌తో వాదన పెట్టుకుంటుంటారు. ఎక్కే ముందే బోర్డు చదవండి.

పథకం తెలంగాణలో ఉండేవాళ్లకే. గుర్తింపు కార్డు మీద తెలంగాణ అడ్రసు ఉండాలి. మీ గుంటూరు ఆధార్ చెల్లదు. పాన్ కార్డు మీద అడ్రసే ఉండదు కాబట్టి అదీ పనికిరాదు. ఒరిజినల్ కార్డు దగ్గర ఉంచుకోవాలి, జిరాక్సు, ఫోన్లో ఫొటో ఒప్పుకోరు. ఇంకో ముఖ్యమైన సంగతి: ఫ్రీ అని ఊరికే కూర్చోకూడదు, కండక్టర్ దగ్గర జీరో టికెట్ తీసుకోవాలి. చెకింగ్ వాళ్లు ఎక్కినప్పుడు చేతిలో జీరో టికెట్ లేకపోతే 500 రూపాయల జరిమానా.

అడ్రసు మార్చుకునే దారి ఉంది. అక్క పేరు మీద తెలంగాణ అడ్రసుతో ఆధార్ ఉంటే, ఆవిడని కుటుంబ పెద్దగా చూపించి ఆన్‌లైన్‌లోనే అప్లై చేయొచ్చు. మీ ఇద్దరి సంబంధం చూపే కాగితం కావాలి. రేషన్ కార్డు, మార్కుల జాబితా, పాస్‌పోర్టు లాంటివి అందుకే. అలాంటిది ఏదీ లేకపోతే ఆధార్ ఇచ్చే సంస్థ ఉడాయ్ నమూనాలో అక్క స్వీయ ధ్రువీకరణ ఇవ్వొచ్చు. మీరు అప్లై చేశాక ఆవిడ తన ఆధార్‌తో లాగిన్ అయి 30 రోజుల్లోపు ఒప్పుకోవాలి. చాలా అప్లికేషన్లు ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే, అక్కావాళ్లకి మెసేజ్ వెళ్తుంది, వాళ్లు చూసుకోరు, గడువు దాటిపోతుంది. అప్లై చేసిన రోజే పక్కన కూర్చోబెట్టి ఒప్పించేయండి. మార్చే ముందు ఒకటి ఆలోచించుకోండి: ఆంధ్రలో 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి ఉచిత బస్సు ఉంది, అది అక్కడి అడ్రసు ఉన్నవాళ్లకే. ఆధార్ ఇటు మారిస్తే గుంటూరు వెళ్లినప్పుడు ఊళ్లో తిరిగే బస్సుకి టికెట్టు కొనాలి. రోజూ తిరిగేది ఇక్కడ కాబట్టి నా లెక్కలో మార్చుకోవడమే లాభం.

అడ్రసు మారేదాకా పాసు తీసుకోవచ్చు. 2025 జూన్‌లో పెంచాక నెల పాసు ఆర్డినరీకి 1,400, మెట్రో ఎక్స్‌ప్రెస్‌కి 1,600, మెట్రో డీలక్స్‌కి 1,800. కానీ మీరు ఎక్కువ దూరం మెట్రోలోనే వెళ్తారు. బస్సు ఎక్కేది ఇటు చివర ఓ ముక్క, అటు చివర ఓ ముక్క. అంతమాత్రానికి పాసు గిట్టదేమో, మొదటి రెండు వారాలు విడిగా టికెట్లు కొని రోజుకి ఎంత అవుతోందో రాసుకోండి. 22తో హెచ్చవేసి 1,600 దాటితేనే పాసు.

మొత్తం బస్సులోనే వెళ్లే దారీ ఉంది. ఉప్పల్ నుంచి మెహదీపట్నం వెళ్లే 300 నంబరు మీ కామినేని ముందు నుంచే పోతుంది. ఎల్బీనగర్, సాగర్ రింగ్ రోడ్డు, చాంద్రాయణగుట్ట, ఆరాంఘర్, అత్తాపూర్ మీదుగా మెహదీపట్నం, అక్కడ దిగి గచ్చిబౌలి వైపు వెళ్లే బస్సు పట్టుకోవాలి. రెండు గంటలు దాటుతుంది, ఆరాంఘర్ నుంచి మెహదీపట్నం మధ్య ఎంత సేపు పడుతుందో ముందుగా చెప్పలేం. మెట్రో ఆగిన రోజుకి ఈ దారి తెలిసి ఉండటం మంచిది, రోజూ అయితే వద్దు.

నాలుగురోడ్లు:

రాయదుర్గం చివరి 7 కిలోమీటర్ల గురించి నేను చెప్తాను. మీ రోజును చెడగొట్టేది, బాగుచేసేది ఈ ముక్కే. రైలు ఏ రోజైనా 55 నిమిషాలే, ఇది మాత్రం ఒకరోజు 20, ఇంకోరోజు 45.

దారి ఇలా: స్టేషన్ నుంచి బయోడైవర్సిటీ జంక్షన్, గచ్చిబౌలి జంక్షన్, స్టేడియం, ట్రిపుల్ ఐటీ జంక్షన్, అక్కడ ఎడమకి తిరిగి విప్రో సర్కిల్. ఇంకోటి ఖాజాగూడ, నానక్‌రామ్‌గూడ మీదుగా. 8:45కి ముందు రాయదుర్గంలో దిగితే మొదటిదే బాగుంటుంది. 9 దాటాక గచ్చిబౌలి జంక్షన్‌కి ముందే బళ్లు బారులు తీరతాయి.

అందుకే టైము వెనక నుంచి లెక్కేయండి. 9:30కి సీట్లో అంటే 9:20కి గేటు దగ్గర ఉండాలి. చివరి ముక్కకి 35 నిమిషాలు వదిలితే 8:40కి రాయదుర్గం స్టేషన్ మెట్లు దిగుతూ ఉండాలి. ఎల్బీనగర్‌లో 7:30 రైలు అందుకోవాలి, అంటే ఇంట్లోంచి 7:10. అర్ధగంట ఆలస్యంగా బయల్దేరితే ఆఫీసుకి అర్ధగంట ఆలస్యంతో పోదు, ముప్పావుగంట అవుతుంది. అమీర్‌పేట రద్దీ, గచ్చిబౌలి రద్దీ రెండూ ఒకేసారి తగులుతాయి.

అక్కడ దొరికేవి: స్టేషన్ కింద రోడ్డు మీద విప్రో సర్కిల్, వేవ్‌రాక్, గౌలిదొడ్డి వైపు సిటీ బస్సులు, షేర్ ఆటోలు. బస్సు ఎక్కడుందో ఆర్టీసీ ‘గమ్యం’ యాప్‌లో కనిపిస్తుంది. రైలు దుర్గం చెరువు స్టేషన్ దాటేటప్పుడే తెరిచి చూడండి. బస్సు 5 నిమిషాల్లో ఉంటే ఆగండి, లేకపోతే షేర్ ఆటో. షేర్ ఆటోవాళ్లు కొందరు గచ్చిబౌలి జంక్షన్ దాకానే వెళ్లి దింపేస్తారు. ‘విప్రో సర్కిల్ సిగ్నల్ దాకా, ఎంత?’ అని ఎక్కకముందే రెండూ అడిగేయండి. మనిషికి 30 అనుకుంటే రోజుకి 60, నెలకి 1,320, మెట్రోతో కలిపి 4,356. ఆధార్ మారి బస్సు ఫ్రీ అయితే ఈ 1,320 మిగులుతుంది.

ఇవన్నీ చూసుకునే ముందు ఆఫీసులో హెచ్‌ఆర్‌ని అడగండి, చాలా కంపెనీలకి రాయదుర్గం స్టేషన్ నుంచి సొంత షటిల్ ఉంది. ఆఫర్ లెటర్‌లో రాయరు, అడిగితేనే చెప్తారు. ఐటీ కారిడార్‌లో ఆడవాళ్ల కోసం సొసైటీ ఫర్ సైబరాబాద్ సెక్యూరిటీ కౌన్సిల్ నడిపే షీ షటిల్ బస్సులూ ఉన్నాయి, డబ్బులు తీసుకోరు. వాటి రూటు మీ టైముకి కలుస్తుందేమో కనుక్కోండి.

రాత్రిబండి:

రాత్రి 9 దాటే రోజుల గురించి ఎవరూ రాయలేదు.

2025 నవంబరు నుంచి మెట్రో అన్ని రోజులూ ఉదయం 6 నుంచి రాత్రి 11. ఆ 11 అనేది చివరి రైలు టెర్మినల్ స్టేషన్ నుంచి బయల్దేరే టైము. నాగోల్ దాకా ఒకే రైలు కాబట్టి మీకు బెంగ లేదు, 10:45కి రాయదుర్గం ప్లాట్‌ఫాం మీద ఉంటే చాలు. అదే ఎల్బీనగర్ వెళ్లాలనుకుంటే అమీర్‌పేటలో మియాపూర్ నుంచి వచ్చే చివరి ఎర్ర రైలు అందాలి. అంత దగ్గరగా పెట్టుకోకండి, 10:15కే రాయదుర్గంలో ఎక్కేయండి.

కానీ రాత్రి పూట మాత్రం నేను నాగోల్ వద్దంటాను. స్టేషన్ నుంచి కామినేనికి మూసీ వంతెన దాటి రావాలి, బస్సులు పలచబడిపోతాయి, ఆటో మాట్లాడుకోవాలి. ఎల్బీనగర్ జంక్షన్ రాత్రి 11:30కి కూడా జనంతో ఉంటుంది, విజయవాడ వైపు వెళ్లే బస్సులన్నీ ఆగేది అక్కడే. స్టేషన్ నుంచి మీ ఇంటికి ఆటో 5 నిమిషాలు. కాబట్టి 7 గంటలకి నాగోల్, 9 దాటితే ఎల్బీనగర్.

ఆటో గానీ బైక్ ట్యాక్సీ గానీ బుక్ చేస్తే ‘మెట్రో స్టేషన్ దగ్గర’ అని చెప్పి ఊరుకోకండి. స్టేషన్‌కి రోడ్డుకి రెండువైపులా మెట్లుంటాయి, డ్రైవర్ అటు, మీరు ఇటు నిలబడితే అతను యూటర్న్ తీసుకుని వచ్చేసరికి 10 నిమిషాలు. మెట్రో స్తంభాల మీద నంబర్లు రాసి ఉంటాయి, ఎ అక్షరంతో ఉంటే ఎర్ర లైను, సి అయితే నీలం. ఎదురుగా ఉన్న స్తంభం నంబరు చదివి, ‘దిల్‌సుఖ్‌నగర్ వైపు వెళ్లే రోడ్డు పక్కన’ అని దిక్కు కూడా చెప్తే ఫోన్ల మీద ఫోన్లు ఉండవు. ఇక్కడ దుకాణాల అడ్రసులు కూడా ఈ స్తంభం నంబర్లతోనే చెప్పుకుంటారు.

తెలంగాణ పోలీసుల టీ-సేఫ్ సేవ 2024 మార్చి నుంచి ఉంది. రాత్రి ఒంటరిగా ఆటో ఎక్కేటప్పుడు అందులో ప్రయాణం నమోదు చేస్తే దిగేదాకా గమనిస్తారు. యాప్ ముందే పెట్టుకుని, పగటిపూట ఒకసారి వాడి చూసుకోండి.

నీలంలైను:

రాత్రికి ఎల్బీనగర్ అన్నది సరైన మాట, నేను సాయంత్రం వరకే ఆలోచించాను.

గుంటూరు వెళ్లిరావడం గురించి కూడా చెప్పేస్తాను. బస్సులో వస్తే విజయవాడ మీదుగా వచ్చినా, మిర్యాలగూడ మీదుగా వచ్చినా నార్కట్‌పల్లి దగ్గర ఒకే రోడ్డులో కలిసి ఎల్బీనగర్ గుండానే ఊళ్లోకి వస్తుంది. టికెట్టు ఊళ్లోని పెద్ద బస్టాండు ఎంజీబీఎస్ దాకా ఉన్నా ఎల్బీనగర్‌లో దిగిపోండి. తెల్లవారుజామున చాలామంది నిద్రలో ఎంజీబీఎస్ దాకా వెళ్లిపోయి, మళ్లీ వెనక్కి రావడానికి 6 గంటల మొదటి మెట్రో కోసం కూర్చుంటారు. హయత్‌నగర్ రాగానే లేచి బ్యాగు సర్దుకోండి.

రైలైతే టికెట్టు మీద స్టేషన్ కోడ్ చూసుకోండి. ఎస్‌సీ అంటే సికింద్రాబాద్, సీహెచ్‌జెడ్ అంటే చర్లపల్లి. 2025 జనవరిలో చర్లపల్లి కొత్త టెర్మినల్ మొదలయ్యాక కొన్ని రైళ్లు అక్కడే ఆగిపోతున్నాయి. సికింద్రాబాద్‌లో దిగితే బయటే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో ఉంది, నాగోల్ వైపు రైలు ఎక్కితే చాలు. సికింద్రాబాద్ వెస్ట్ అన్నది వేరే, ఆకుపచ్చ లైనుది, అటు వెళ్లకండి. చర్లపల్లికి మెట్రో లేదు. అక్కడ దిగితే ఉప్పల్ వెళ్లే బస్సో ఆటోనో పట్టుకుని, ఉప్పల్ రింగ్ రోడ్డు మీద 300 నంబరు ఎక్కితే కామినేని ముందే దిగుతారు.

శ్రావణమేఘం:

ఇంత వివరంగా చెప్పినందుకు అందరికీ నమస్కారాలు. ఆధార్ పని ఈ ఆదివారమే అక్క పక్కన కూర్చుని చేయిస్తాను. హెచ్‌ఆర్‌కి షటిల్ గురించి ఇప్పుడే మెయిల్ పెట్టాను, జవాబు రాగానే టైములు ఇక్కడే రాస్తాను, ఈ దారిలో వచ్చే ఇంకొకరికి పనికొస్తాయి.